ఏడుపు నేర్చుకున్న ఎండకాలం

పిల్లను చూడవచ్చినవాళ్ళు చాయ్ తాగి, గ్లాసులు కింద పెట్టి, ఇక లేద్దామని చెప్పుల వైపు చూస్తున్న వేళ పెళ్ళికొడుకు నానమ్మ మా అమ్మ వైపు తిరిగింది.

"అంత బాగనే ఉన్నది గానీ ద్వాలీ, పిల్లకు ఏడ్వ వస్తదా?"

ఆమె అడిగింది మా బోలీలో. బయటివాళ్ళు దాన్ని లంబాడీ భాష అంటారు. మా ఇంట్లో పెద్దవాళ్ళం మాట్లాడుకునేది అదే. నా బిడ్డ ప్రవళికకు ఆ మాట సగం తెలిసి సగం తెలియనట్టుంది. వంటగది గడప దగ్గర నిలబడి నవ్వింది.

"ఏడవడం రాకపోవడమేంటండీ? ఎవరికైనా వస్తుంది కదా" అంది తెలుగులో.

పెళ్ళికొడుకు తరఫు పడుచువాళ్ళు కూడా నవ్వారు. మా అమ్మ నవ్వలేదు.

మా పెళ్ళిళ్ళలో పిల్లను సాగనంపేటప్పుడు ఒక పద్ధతి ఉంది. పిల్ల ఒక్కొక్కరి మెడ పట్టుకొని, మాటలు కట్టి, రాగం తీసి ఏడవాలి. దాన్ని ఢావ్లో అంటాం. తల్లికి వేరే మాటలు, తండ్రికి వేరే, మేనత్తకు వేరే. అందరి తరవాత ఇంటికి పెద్దదాని మెడ. పిల్ల ఎవరి మెడ పట్టుకొని ఏడవలేదో వాళ్ళ దగ్గర సెలవు తీసుకోకుండా పోయినట్టే. ఈ విద్యలో మా అమ్మ పేరు మోసింది. చిలుకూరు చుట్టుపట్ల ఏ తండాకు పోయినా ఆమె దగ్గర ఏడుపు నేర్చుకొని అత్తగారింటికి పోయిన ఆడపిల్ల ఒక్కతైనా కనిపిస్తుంది. అవతలి ముసలామె అది తెలిసే అడిగింది. దీపం కిందనే చీకటి ఉందేమోనని ఆమె అనుమానం.

"ఎందుకు రాదు? నా మనుమరాలు" అంది అమ్మ.

"అయితే పెండ్లినాడు ఇంటం" అని ఆమె చెప్పులు తొడుక్కుంది.

వాళ్ళది మిర్యాలగూడ అవతల తండా. పిల్లవాడు దేవేందర్ కరెంటు ఆఫీసులో పని చేస్తాడు. యాసంగి వడ్లు చేతికొచ్చాక, వైశాఖంలో పెళ్ళి అనుకున్నాం.

ప్రవళికకు మా బోలీ రాకపోవడం అనుకోకుండా జరిగింది కాదు. ఆమెను సూర్యాపేట హాస్టల్లో వేసిన ఏడు ఇంట్లో ఒక చట్టం వచ్చింది. చేసింది మా అమ్మే. అంతకుముందు ఆమె ఏదో పనిమీద కోదాడ పోయి ఒక దుకాణంలో బేరమాడింది. అమ్మ తెలుగులో మనిషికీ గొడ్డుకూ, ఆడకూ మగకూ తేడా ఉండదు. అన్నీ కలిసిపోతాయి. దుకాణంలోవాళ్ళు ఆమె చేత అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పించి నవ్వుకున్నారు. ఇంటికొచ్చి మూట దించకముందే నన్నూ, నా భార్య పుష్పాబాయినీ పిలిచింది.

"పిల్లతోని మన మాట ఎవ్వలూ మాట్లాడొద్దు. నా నోరు నాతోనే పోవాలె. దానికి తెలుగు రావాలె. సంతల తెలుగు గాదు, సదువుకున్నోళ్ళ తెలుగు."

వచ్చింది. అమ్మ అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చింది. ఇప్పుడు ప్రవళిక సూర్యాపేటలో ఒక లోకల్ చానల్లో వార్తలు చదువుతుంది. ఫోన్లో మొదటిసారి విన్నప్పుడు ఎవరి పిల్లో అనుకున్నాను. ఇస్త్రీ చేసిన బట్టలా ఒక్క మడత లేని గొంతు. ఇంటికొచ్చినప్పుడు ఎవరి నోట తప్పు మాట వచ్చినా ఊరుకోదు. "సూడు కాదు నాన్నా, చూడు" అంటుంది. అంగీ మీద గడ్డిపోచ కనిపిస్తే తీసేసినట్టు, అంత మామూలుగా అంటుంది. నేను సరే అంటాను. మళ్ళీ సూడు అనే అంటాను.

చూసిపోయినవాళ్ళు ఇంకా మెయిన్ రోడ్డు ఎక్కి ఉండరు. అమ్మ గోనెసంచి పరుచుకొని కూర్చొని, "పిల్లను సెలవు పెట్టి రమ్మను" అంది నాతో.

* * *

ప్రవళిక సెలవు పెట్టి వచ్చింది. మధ్యాహ్నాలు రేకుల షెడ్డులో, మందు కొట్టే పంపూ విత్తనాల బస్తాలూ ఉండే చోట పాఠం. రేకుల కింద కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే ఉంటుంది. అయినా అమ్మ అక్కడే అంది. ఇంట్లో ఏడవడం నేర్చుకుంటే ఇంటికి మంచిది కాదట.

"నా మెడ పట్టుకో. గట్ల గాదు, బరువు నా మీద ఎయ్యి. ఆఁ. ఇగ గుంజు. మాట గుంజాలె."

అమ్మ తన వచ్చీరాని తెలుగులో చెప్పేది. పిల్ల ఫోన్లో రికార్డు చేసుకునేది. రాత్రికి దాన్ని తెలుగు అక్షరాల్లో రాసుకొని, పరీక్షకు చదివినట్టు చదివేది. వారం తిరగకముందే తల్లి ఏడుపు మొత్తం అప్పజెప్పింది. ఒక్క అక్షరం జారలేదు. అమ్మ చివరిదాకా విని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది.

"వార్తలు సదువుతున్నవా, ఏడుస్తున్నవా?"

పుష్ప కొంగు నోట్లో కుక్కుకొని బస్తాల వైపు తిరిగింది. ప్రవళిక కూడా నవ్వింది. నవ్వి మళ్ళీ మొదలుపెట్టింది.

తండ్రి ఏడుపు దగ్గర పేచీ వచ్చింది. నేను అక్కడే ధాన్యం మీద కప్పే పట్టా చిరుగులు కుట్టుకుంటున్నాను.

"ఈ లైన్‌కు అర్థమేంటి నానమ్మా?"

"ఏడు ఆవుల పాలు పోసి పెంచితివి బాపూ, నీ దొడ్డి ఇడిసి పోతున్న."

"మనకు ఆవులెక్కడివి? ఉన్నది ఒక్క బర్రె. దాని పాలు కూడా డెయిరీకే పోస్తారు."

"అయితే?"

"లేని ఆవుల గురించి ఏడిస్తే అబద్ధం కదా?"

అమ్మ నా వైపు చూసి బోలీలో అంది: "నీ బిడ్డ ఏడుపుల కూడ సాక్ష్యాలడుగుతున్నదిరా బీక్యా." మళ్ళీ పిల్ల వైపు తిరిగింది. "నాకూ లేకుండె ఆవులు. మా అమ్మకూ లేకుండె. అయినా ఏడ్సినం గద. మాట గట్లనే ఉంటది."

"నా సంగతులు నేను చెప్పుకోకూడదా? నాన్న నన్ను హాస్టల్‌కు తీసుకుపోవడం, ఆదివారం డబ్బా కట్టుకొని రావడం?"

"హాస్టల్‌కు మన బోలీల మాటేది?"

"హాస్టలే."

"గదే వద్దు. ఢావ్లోల తెలుగు మాట రావొద్దు, ఇంగిలీసు రావొద్దు. అవి సంతల మాటలు, బస్సుల మాటలు. ఏడుపుల మన మాటే ఉండాలె. అది గూడ సక్కగ ఉండాలె. ఒక్క మాట తప్పు పోతే నవ్వుతరు."

ఆ చివరి మాటకు ప్రవళిక, దారిలో ఎదురుగా తనలాంటి మనిషే వస్తే చూసినట్టు నానమ్మను చూసింది. తరవాత ఏడు ఆవులూ నేర్చుకుంది.

* * *

పెళ్ళి బట్టలకు కోదాడ పోయాం. అమ్మ కూడా వస్తానంది. ముసలితనంలో కూడా ఆమె పాత తీరు మానలేదు. అద్దాల రవిక, మోచేతుల దాకా గాజులు, చెంపల మీదికి వేలాడే వెండి. దుకాణంలో పిల్లవాడు చీరలు విప్పుతూ, ప్రవళిక మాట విని చేతులు ఆపాడు.

"మీది విజయవాడ వైపాండీ?"

"కాదండీ. ఇక్కడే, చిలుకూరు దగ్గర."

"అవునా! మాట చూసి అటు వైపేమో అనుకున్నానండీ." అని, పక్కన చీర అంచు పట్టుకొని చూస్తున్న అమ్మను చూశాడు. "ఈమె కూడా మీతోనే వచ్చిందాండీ?"

"మా నానమ్మ. వచ్చింది కాదు, వచ్చారు" అంది ప్రవళిక.

వాడు బిత్తరపోయి అమ్మకు కుర్చీ వేశాడు. అమ్మ కుర్చీలో కూర్చోలేదు గానీ, ఆటోలో తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా అదే మాట. ఎక్కిన ప్రతి ఆడమనిషికీ చెప్పింది. "నా మనుమరాలును ఇజయవాడ పిల్లనుకున్నరంట."

"అందులో అంత సంతోషం ఏముంది నానమ్మా?" అంది ప్రవళిక, కొంచెం సిగ్గుగా, కొంచెం విసుగ్గా.

"నిన్ను సూసి ఎవ్వడు నవ్వడు" అంది అమ్మ.

సూడు అన్నా, సూసి అన్నా దిద్దే పిల్ల ఆ పూట దిద్దలేదు. సంచులు ఒళ్ళోకి లాక్కొని రోడ్డు వైపు చూసింది.

* * *

పెళ్ళి దగ్గరికొచ్చింది. వడ్లు కొనుగోలు సెంటర్లో పోసి ఉన్నాయి, కాంటా ఇంకా కాలేదు. ఆ సాయంత్రం మబ్బు పట్టింది. ప్రవళిక షెడ్డు బయట నిలబడి దేవేందర్‌తో ఫోన్లో మాట్లాడి లోపలికి వచ్చింది. అమ్మ అప్పటికే గోనెసంచి మీద కూర్చొని మెడ చాచి ఉంది.

"నానమ్మా, వాళ్ళ తండాలో ఇప్పుడు ఎవరూ ఇలా ఏడవట్లేదట. డీజే పెట్టిస్తాడట. వీడియోలో కూడా బాగుండదు అంటున్నాడు."

"వాని నానమ్మ అడిగింది గద."

"ఆమె ఒక్కతే అట. ఇంకోటి, వాళ్ళ బోలీ, మన బోలీ ఒకటి కాదట. మాటలు వేరట. నువ్వు నేర్పింది అక్కడ తప్పంటారేమో. అలాంటప్పుడు ఇంత కష్టపడి..."

"తప్పా?" అంది అమ్మ.

పిల్ల ఆ మాట మామూలుగానే అంది. తనకు రోజూ అలవాటైన మాట అది. కానీ అమ్మకు తన ఏడుపులో తప్పుందని చెప్పినవాళ్ళు ఇంతవరకు లేరు. లేచి లంగా దులుపుకుంది.

"ఇగ సాలు" అంది.

గోనెసంచి మడిచి చంకలో పెట్టుకొని పోయింది. ప్రవళిక వెనకాలే పోయి, "నేను అలా అనలేదు నానమ్మా" అంది. ఏమన్నదీ, ఏమనలేదూ చెప్పడానికి ఆమె తెలుగు అమ్మకు చాలలేదు, అమ్మ బోలీ ఆమెకు చాలలేదు. ఇద్దరూ చెరో గడపలో నిలబడ్డారు. నేను పట్టా తీసుకొని సెంటర్‌కు పోయాను.

గాలి బాగా లేచింది. ఒక్కడినే కుప్ప కప్పలేక అవస్థ పడుతుంటే పట్టా రెండో కొస ఎవరో పట్టుకున్నారు. చూస్తే అమ్మ. చెంపల వెండి గాలికి ఊగుతోంది. ఇద్దరం కుప్ప మీద పట్టా పరిచాం.

"బీక్యా" అంది. "పిల్ల నన్ను ఇడిసి పోయేటప్పుడు ఏమంటదిరా?"

"నేర్చుకున్నదే అంటది యాడీ" అన్నాను అమ్మతో.

"నేర్చుకున్నదేనా?"

నేను అంచుల మీద రాళ్ళు పెడుతున్నాను. అమ్మ తన కొసను కాలితో తొక్కి పట్టింది.

"నా ఏడుపు దానికి తెల్వది. దాని మాట నాకు రాదు. మెడ పట్టుకొని ఇద్దరం ఏం జేస్తం చెప్పు?"

చినుకులు మొదలయ్యాయి. ఇంకో రాయి అందుకొని, ఆమె కాలు ఉన్నచోట పెట్టాను.

మళ్ళీ పాఠం జరగలేదు. ప్రవళిక మాత్రం షెడ్డులో ఒక్కతే కూర్చొని, ఫోన్ చెవికి పెట్టుకొని, పెదవులు కదిపేది.

* * *

పెళ్ళి బాగానే జరిగింది. సాగనంపే వేళకు పొద్దు ఇంకా వాలలేదు. మిర్యాలగూడ దాటి పోవాలి కాబట్టి కార్లు ముందే తిప్పి పెట్టారు. దేవేందర్ స్నేహితులు డీజే ఇంకా మోగిస్తూనే ఉంటే, వాని నానమ్మ కట్టె ఎత్తి అరిచింది.

"ఆ డబ్బా బందు పెట్టుండ్రిరా! పిల్ల ఏడుపు ఇనాలె."

డీజే ఆగింది. ముసలామె కుర్చీ ముందుకు లాక్కొని కూర్చుంది. ఆడవాళ్ళు చుట్టూ చేరారు. పిల్లలు ఫోన్లు పైకెత్తారు.

ప్రవళిక తల్లి మెడ పట్టుకొని మొదలుపెట్టింది. రాగం ఎక్కడ ఎత్తాలో అక్కడ ఎత్తింది, ఎక్కడ దించాలో అక్కడ దించింది. ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకొని తలలూపారు. "మంచిగ నేర్చిందే" అంది ఎవరో. పుష్ప ఏడ్చింది. తల్లి గనుక ఏడ్చింది.

తరవాత నా దగ్గరికి వచ్చింది. ఏడు ఆవుల పాలు పోసి పెంచితివి బాపూ అంది. ఎక్కడా తప్పు లేదు. నా మెడ చుట్టూ ఉన్న ఆమె చేతులు చెమటకు జారుతుంటే మళ్ళీ మళ్ళీ పట్టుకుంటూ ఉంది. ఏడుపులో తండ్రి తిరిగి మాట్లాడడు, వీపు మీద చెయ్యి వెయ్యాలి. వేశాను. మేనత్త, చిన్నమ్మ, ఇరుగుపొరుగు అందరూ అయ్యారు. అవతలి ముసలామె వేలితో కట్టె మీద తాళం వేస్తూ వింటోంది. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని ఎదురుచూసి, దొరకక, మెత్తబడింది.

చివరికి అమ్మ.

ప్రవళిక పోయి మెడ పట్టుకుంది. బరువంతా ఆమె మీద వేసింది. నోరు తెరిచింది. మాట రాలేదు.

పెద్దదాని ఏడుపుకు నియమం ఉంది. మొదట పిల్ల ఎత్తుకోవాలి. పిల్ల ఒక మాట అంటే పెద్దది జవాబుగా ఒక మాట అంటుంది. పిల్ల ఎత్తుకోకుండా పెద్దది నోరు తెరవదు. అమ్మ కళ్ళు మూసుకొని ఎదురుచూసింది. వెనకనుంచి పుష్ప మొదటి మాట అందించింది. మేనత్త కూడా అందించింది. ప్రవళిక భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి గానీ గొంతులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. అంతమంది దగ్గర నేర్చుకున్నది అంతా చెప్పిన పిల్ల, అక్కడ నిజంగా ఏడుస్తోంది.

"ఏమైంది ద్వాలీ, మర్శిపోయిందా?" అంది ముసలామె.

అమ్మ కళ్ళు తెరవలేదు. తనే ఎత్తుకుంది. రాగం మాదే, మా తాతల నాటిది. మాటలు తెలుగు.

"ఓ బిడ్డా, ఓ పవళికా...
సూర్యాపేట బస్సు నేనే ఎక్కిస్తి బిడ్డా
మన మాట నీకొద్దని నేనే అంటి
నీ మాట నాకు రాకపాయె బిడ్డా
నడుమల నీ పెండ్లి వచ్చె
నువ్వు పోతది బిడ్డా, నువ్వు పోతది
నా మాటల తప్పులు ఎవలు దిద్దాలె..."

వెనక పడుచువాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. నాలుగు తండాల ఆడవాళ్ళున్నారు అక్కడ. వాళ్ళలో సగం మందికి ఏడుపు నేర్పింది ఆమే. వాళ్ళెవరూ ఆమె నోట తెలుగు పాట వినలేదు, వింటామనుకోలేదు. నేను నేల చూశాను. పందిరి కింద ఎవరో పారబోసిన నీళ్ళలో అక్షింతలు తేలుతున్నాయి.

అప్పుడు వచ్చింది పిల్లకు మాట.

"పోనే, నేను పోనే నానమ్మా, నేను పోనే."

అంతే. నేర్పిన ఢావ్లోలో లేని మాట, చానల్లో చదవని మాట. అదొక్కటే అంటూ ఉంది. ప్రతిసారీ అమ్మ "పోవాలె బిడ్డా" అంటూ ఉంది. అలా ఇద్దరూ ఎంతసేపున్నారో డ్రైవరు హారన్ కొట్టేదాకా ఎవరికీ తెలియలేదు. కిసుక్కుమన్నవాళ్ళు కూడా ముక్కులు చీదుకుంటున్నారు.

అవతలి ముసలామె కట్టె ఆనించుకొని లేచింది.

"గిదేం ఏడుపు ద్వాలీ? పెండ్లిల తెలుగు ఏడుపా?"

అమ్మ తన మెడ చుట్టూ ఉన్న పిల్ల చేతులు మెల్లగా విడదీసి, తలమీది ఓఢ్ని కొసతో ముందు పిల్ల ముఖం తుడిచింది, తరవాత తనది.

"దానికి తెల్వాలె గద" అంది.

ముసలామె కట్టె చంకలో పెట్టుకొని, ప్రవళిక మోచెయ్యి పట్టుకొని తనే కారు దాకా నడిపించుకుపోయింది.

* * *

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. జ్యేష్ఠం సగం పోయినా ఎండ తగ్గలేదు. పెళ్ళి సంగతి అన్ని తండాల్లోనూ చెప్పుకున్నారు. ద్వాలీకి మతి తప్పిందన్నవాళ్ళు ఉన్నారు. ఇక ఆమె దగ్గరికి ఎవరు వస్తారు అన్నవాళ్ళూ ఉన్నారు. అమ్మ నారుకు విత్తనాలు నానబోసింది.

ఒక మధ్యాహ్నం కోదాడ అవతలి తండా నుంచి ఒక తల్లి తన కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చింది. పిల్ల జీన్స్ వేసుకొని, చేతిలో ఫోన్ పట్టుకొని ఉంది. పెళ్ళి దగ్గరలోనే ఉందట, ఏడుపు నేర్పాలట. నేను షెడ్డులో పంపు కడుగుతున్నాను. ఎవరు వచ్చినా అమ్మ మొదట చెప్పే మాట, నా మెడ పట్టుకో, బరువు నా మీద ఎయ్యి అని. ఈసారి అది చెప్పలేదు. పిల్లను కిందినుంచి మీదికి చూసింది.

"పిల్లా, ఇంట్ల ఏం మాట మాట్లాడుతవ్?"

పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి తల దించుకుంది.

"తెలుగే అమ్మమ్మా" అంది పిల్ల.

అమ్మ గోనెసంచి మీద పక్కకు జరిగి చోటిచ్చింది.

"కూసో. ముందుగాల ఎవరి మెడ పట్టుకుంటవో సెప్పు" అంది తెలుగులో. "ఆమె నీకేం జేసిందో సెప్పు."